నూటికి నూరు వేసే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ థీసిస్‌కు పక్షవాతం వచ్చినవాళ్లను తీసుకున్నావట. ఒక గుంపుకు మామూలు ఫిజియోథెరపీ, ఇంకో గుంపుకు ఇంటివాళ్లకే నేర్పి చేయించే వ్యాయామాలు, ఆరు నెలల దాకా కొలతలు. విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చినదానివి నువ్వే, ఆ సంతోషం ఇంతా అంతా కాదు. కానీ కొలతకు బార్తెల్ ఇండెక్స్ ఒక్కటే, అదే రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకోగలరో నూటికి మార్కులు వేసే ఫారం, పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పగానే భయం పట్టుకుంది. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం ఎట్లాగూ మీ గైడ్ చూసుకుంటారు. మన దేశంలో జరిగే ఇట్లాంటి స్టడీలను నమోదు చేసే సీటీఆర్ఐలో రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి పేషెంటును చేర్చుకోకముందే చేయించు. 2018 ఏప్రిల్ నుంచి, స్టడీ మొదలయ్యాక వస్తే వాళ్లు తీసుకోవడం లేదు.

ఇక బార్తెల్ సంగతి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో కోరుట్ల దిక్కు నుంచి ఒకామె వచ్చింది. బీడీలు చేసేది. బిడ్డ హన్మకొండలో ఉంటుందని ఇక్కడికి తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూడు నెలలు రోజూ నా దగ్గరికే వచ్చింది. ఒకరోజు కర్ర లేకుండా వరండా అంతా నడిచింది. ఆ సంబురంలో ఫారం ముందు పెట్టుకుని వరుసగా వేసుకుంటూ పోయాను. తినడానికి పది, స్నానానికి ఐదు, బట్టలు కట్టుకోవడానికి పది, మంచం మీంచి కుర్చీలోకి మారడానికి పదిహేను, నడకకు పదిహేను, మెట్లకు పది. పది అంశాలూ కలిపితే నూటికి నూరు. కార్డు మీద "పూర్తిగా కోలుకుంది" అని రాసి, ఆమె టైమును వేరే పేషెంటుకు ఇచ్చేశాను. పోతూ పోతూ ఆమె "నీ దయ బిడ్డా" అని నా గదుమ పట్టుకుంది.

ఎనిమిది నెలల తర్వాత వాళ్లాయనకు జ్వరమని తోడుగా వచ్చింది. కుడి చెయ్యి కొంగు కింద దాచుకుంది. బీడీలు చేస్తున్నావా అని అడిగితే చెయ్యి బయటికి తీసి చూపించింది. తునికాకు పట్టుకుంటే జారిపోతోంది. చుట్టినా దారం ముడి పడదు. రోజుకు వెయ్యి చేసే మనిషి నూటయాభై కూడా చేయలేకపోయింది, అవి కూడా వదులుగా ఉన్నాయని కంపెనీ వాపస్ ఇచ్చింది. తర్వాత పనే ఇవ్వలేదు. అన్నం ఎడమ చేత్తోనే తింటోంది. అందరి ముందు ఎడమ చేత్తో తినలేక పెండ్లి బంతులకు పోవడం మానేసింది. ఎవరి సాయం లేకుండా తింటే ఆ ఫారంలో పది వస్తాయి. ఏ చేత్తో అని ఫారం అడగదు. నేనూ అడగలేదు.

అన్నిటికంటే ఆమె చివరికి చెప్పిన మాట నన్ను చంపేసింది. "నువ్వు నూటికి నూరు అని రాసిస్తివి గదా బిడ్డా. కొడుకు ఆ కాగితం చూపెట్టి, అంతా మంచిగైంది, పని చేయబుద్ధి కాక ఊకుంటున్నవ్ అంటడు. నేను కూడా గట్లనే అనుకున్న, నాకే వొళ్లు వంగుతలేదేమోనని."

నేను వేసిన అంకె ఆమె ఇంటికి పోయి ఆమె మీదనే సాక్ష్యం చెప్పింది. మళ్లీ వ్యాయామాలు మొదలుపెట్టించాను. ముద్ద కుడి చేత్తో నోటి దాకా వచ్చింది, బీడీ ముడి మాత్రం మళ్లీ పడలేదు. ఆ మొదటి నెలల్లో వేళ్ల మీద పని చేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

బార్తెల్‌ను తప్పు పట్టడం లేదు. 1965లో అది అచ్చైనప్పుడే దాన్ని తయారుచేసిన మహోనీ, బార్తెల్ ఇద్దరూ రాసి పెట్టారు, వంద వచ్చినంత మాత్రాన మనిషి ఒంటరిగా బతకగలడని కాదు, వంట చేయలేకపోవచ్చు, నలుగురిలో తిరగలేకపోవచ్చు అని. మనిషి ఆసరా అవసరమా కాదా అన్నదే అది చెప్తుంది. ఆ కాగితం నేను చదవలేదు, స్కోరు షీటు ఒక్కటే చూశాను. నువ్వు వాడే ప్రతి స్కేలుకూ మొదటి పేపర్ వెతికి చదువు. ఈ ఒక్క విషయంలో బద్ధకం చేశావో, నా చేత తిట్లు తింటావు.

బార్తెల్ ఉంచు, పక్కన చేతికి ఇంకోటి పెట్టు. తొమ్మిది పుల్లలను తొమ్మిది రంధ్రాల్లో పెట్టి తీసే నైన్ హోల్ పెగ్ టెస్టుకు స్టాప్‌వాచ్ ఉంటే చాలు. పుల్ల పట్టుకోలేనివాళ్లకు అది పనికిరాదు, వాళ్లకు యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్ చెయ్యి. చేత్తో చేయించి చూసే పందొమ్మిది పనులు, మొత్తం 57 మార్కులు. దాంతోపాటు సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్) పెట్టుకుంటే నా మనసు కుదుటపడుతుంది. కెనడా వాళ్లు చేసింది. ఏ పని తనకు ముఖ్యమో పేషెంటే చెప్తారు, ఎంత బాగా చేయగలుగుతున్నారో, దాంతో ఎంత తృప్తిగా ఉన్నారో పదికి వాళ్లే వేసుకుంటారు. రెండు మార్కులు పెరిగితే నిజమైన మార్పు కింద లెక్క. ఆ రోజు నా చేతిలో అది ఉంటే ఆమె మొదటి మాటే బీడీలు అనేది.

అడిగేటప్పుడు కొడుకునో కోడలినో కాసేపు బయటికి పంపు. వాళ్ల ముందు అడిగితే "మంచిగనే ఉన్న" అంటారు, లేదా కోడలే జవాబు చెప్తుంది. చేసి చూపించమను, కళ్లతో చూసి రాయి. ఆసుపత్రిలో కమోడ్ మీద కూర్చుని లేచినామె ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డిలో లేవగలదా? మెట్లే లేని పెంకుటింటి మనిషికి మెట్ల మార్కులు ఎట్లా వేస్తావు? నేనైతే వేసేశాను.

చికిత్స చేసిన నువ్వే కొలవకు. చెయ్యి పట్టి నడిపించిన మనిషికి మార్కులేసేటప్పుడు మన ప్రేమ కూడా కలుస్తుంది. ఎవరు ఏ గుంపులో ఉన్నారో తెలియని వేరే అమ్మాయి చేత కొలిపించు.

మిర్చి ఏరే కాలంలో ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి నీ పేషెంట్లు రారు, తీసుకొచ్చేవాళ్లకు తీరిక ఉండదు. మేడారం జాతర ఉన్న ఏడాదైతే ఇంకా కష్టం. రానివాళ్లను లెక్కలోంచి తీసేయకు. బాగా పాడైనవాళ్లు రారు, బాగైపోయి పనికి పోయినవాళ్లూ రారు. వాళ్లు లేని ఫలితం ఒక దిక్కుకు ఒరిగిపోతుంది. ఎందుకు రాలేదో కనుక్కుని రాసుకో, వీలైతే ఇంటికే పోయి కొలిపించు.

ఇంటికి పోవడం అంటే నాకు ఇంకో టెన్షన్. ములుగు రోడ్డు మీద ఇసుక లారీలు ఎట్లా వస్తాయో నీకు తెలుసు. స్కూటీ మీద పోకు, పొద్దుగూకిన తర్వాత అసలే వద్దు. ఒక పేషెంటు మిగిలిపోతే మర్నాడు పోవచ్చు.

ఆదివారం నీ ఫారాలు పట్టుకుని రా. అప్పటి నా నోట్‌బుక్ బీరువాలో ఉంది, ఆమె పేజీ కూడా ఉంది, చూపిస్తాను. సకినాలు చేసి పెడతాను. బస్సులో రా.

నీ పెద్దమ్మ