అమెరికా హోటల్ శిక్షణ: గంటకు 16 డాలర్లలో మిగిలేదెంత?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అబ్బాయి హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ పూర్తి చేశాడు. అమెరికాలో శిక్షణకు ఇచ్చే జె-1 వీసాపై ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఒక హోటల్లో ఏడాది ఇంటర్న్‌షిప్ వచ్చింది. గంటకు 16 డాలర్లు, వారానికి 32 నుంచి 40 గంటలు అన్నారు. ఏజెన్సీ రుసుము, వీసా, వెళ్లే టికెట్టు కలిపి 4 లక్షలు, చేతి ఖర్చులకు లక్ష, మొత్తం 5 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాను. డాలరు 90 రూపాయల లెక్కన నెలకు రెండున్నర లక్షలు వస్తాయనీ, నెలకు లక్ష పంపినా ఆరు నెలల్లో అప్పు తీరుతుందనీ ఏజెంటు అంటున్నాడు. ఈ లెక్క సరైనదేనా?

జవాబు: ఏజెంటు గుణకారంలో తప్పు లేదు, కానీ వారానికి 40 గంటలు, ఏడాదికి 52 వారాలు ఒక్క గంట కూడా తగ్గకుండా పని దొరికి, పన్ను ఒక్క డాలరు కూడా కోయకపోతేనే ఆ రెండున్నర లక్షలు వస్తాయి. జె-1 ఇంటర్న్‌కు వారానికి కనీసం 32 గంటల శిక్షణ ఉండాలన్నది అక్కడి నిబంధన. హామీగా తీసుకోదగినది ఆ 32 మాత్రమే. ఓర్లాండో హోటళ్లకు క్రిస్మస్ రోజులు, మార్చి–ఏప్రిల్ సెలవులు, వేసవి మంచి కాలం. బడులు తెరిచి, తుపానుల భయం కూడా తోడయ్యే సెప్టెంబరులో గదులు ఖాళీగా ఉంటాయి, షిఫ్టులు తగ్గుతాయి. అందువల్ల ఇంటి బడ్జెట్టును 32 గంటల మీద వేసి, అంతకు మించి వచ్చినదాన్ని అదనంగా భావించమని నేను చెబుతాను.

జీతం సాధారణంగా రెండు వారాలకు ఒకసారి వస్తుంది. 32 గంటల చొప్పున రెండు వారాలకు 1,024 డాలర్లు. ఫ్లోరిడాలో వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు కాబట్టి, ఫెడరల్ (కేంద్ర) పన్ను కింద సుమారు వంద డాలర్లు తీసేస్తే చేతికి 920 దాకా వస్తాయి. నెల మొత్తానికి సుమారు 2,000 డాలర్లు. అదే 40 గంటలైతే 2,490 వరకు ఉంటుంది. మొదటి పే స్లిప్‌ను మీ అబ్బాయి తప్పకుండా చూసుకోవాలి. జె-1పై కొత్తగా వెళ్లి, పన్ను చట్టం దృష్టిలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నవారి నుంచి సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నులు కోయకూడదు. ఆ రెండూ కలిసి 7.65 శాతం, అంటే నెలకు 170 డాలర్ల దాకా ఉంటాయి. పే రోల్ చూసేవారికి ఈ మినహాయింపు గుర్తుండకపోవచ్చు, అడిగితేనే సరిచేస్తారు. ఆలస్యంగా గుర్తిస్తే తిరిగి రాబట్టుకునే దారి ఉంది గానీ అది నెలల తరబడి సాగుతుంది.

ఇక ఖర్చులు. పడకగదిని మరొకరితో పంచుకునే వసతికి కరెంటు, ఇంటర్నెట్ కలిపి నెలకు 750 డాలర్లు వేశాను. హోటలే వసతి చూపిస్తే అద్దెను నేరుగా జీతంలో పట్టుకుంటారు, అప్పుడు ఒప్పందంలో ఉన్న అంకెను ఇక్కడ వేసుకోండి. తిండికి 300. డ్యూటీలో ఒక పూట భోజనం హోటల్లో దొరికితే ఇది తగ్గవచ్చు, కానీ వందమందికి వండి వచ్చిన కుర్రవాడికి రాత్రి ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు, బయట తినడం మొదలైతే 300 చాలదు. ఫోనుకు 30, బట్టలు ఉతికే యంత్రాలకు, సబ్బులకు, చిల్లర అవసరాలకు 70, అనుకోని వాటికి 100.

రవాణాను చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అక్కడి లింక్స్ బస్సులకు 30 రోజుల పాసు 50 డాలర్లే. కానీ బ్యాంక్వెట్ ముగిసేసరికి అర్ధరాత్రి దాటితే బస్సుండదు, క్యాబ్‌లో ఇంటికి రావాలి. అలాంటి రాత్రులు నెలకు ఆరేడు ఉంటే చాలు, రవాణా ఖర్చు 150 అవుతుంది. బస చూసుకునేటప్పుడు అద్దె 60 డాలర్లు ఎక్కువైనా హోటలుకు నడిచి వెళ్లగలిగే చోటు చూసుకోవడమే లాభం. ఇవన్నీ కలిపితే నెలకు 1,400. 32 గంటల నెలలో మిగిలేది 600 డాలర్లు.

ఈ మిగులు కూడా మొదటి రోజు నుంచి ఉండదు. జె-1 శిక్షణలు నడిపేందుకు అమెరికా ప్రభుత్వం గుర్తించిన స్పాన్సర్ సంస్థ అతని రాకను ప్రభుత్వ రికార్డులో నమోదు చేసిన తరువాతే, జీతానికీ పన్నుకూ కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు పెట్టాలి. ఆ కార్డు, బ్యాంకు ఖాతా, మొదటి జీతం వరుసగా వచ్చేసరికి నెల దాటవచ్చు. ఈలోగా ఒక నెల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి 1,300, పరుపు, దుప్పటి, వంటపాత్రలు, వంటగదిలో జారని బూట్లకు 250, తిండికి, రాకపోకలకు 600 కావాలి. మీరు అనుకున్న లక్ష రూపాయలు 1,100 డాలర్లు మాత్రమే. 2,500 డాలర్లు, అంటే 2.25 లక్షలు లేకుండా అతన్ని విమానం ఎక్కించవద్దు. ఇందులో ఎక్కువ భాగాన్ని ఫారెక్స్ కార్డులో (ముందే డాలర్లు నింపుకునే కార్డు) వేయండి. నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు మన నిబంధనలు అనుమతిస్తాయి గానీ, ఐదారు వందలకు మించి జేబులో పెట్టుకోవలసిన పని లేదు. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితేనే ఇలాంటి విదేశీ చెల్లింపులపై టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) వర్తిస్తుంది కనుక దాని గురించి మీరు ఆలోచించనక్కర్లేదు.

మొదటి రెండు నెలలను ఇలా పక్కన పెట్టి, తక్కిన పది నెలలకు 600 చొప్పున చూస్తే 6,000 డాలర్లు. తిరుగు టికెట్టుకు 800, అత్యవసరానికి కదపకుండా ఉంచవలసిన 1,000 తీసేస్తే 4,200, అంటే 3 లక్షల 78 వేల రూపాయలు. ఏడాదంతా 40 గంటలు దొరికితే అది ఎనిమిది లక్షలు కూడా దాటుతుంది. మీరు దేన్ని నమ్ముకుని అప్పు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. చేతి ఖర్చు పెంచాక మీ అప్పు 6.25 లక్షలవుతుంది, రెండు రూపాయల వడ్డీతో ఏడాదికి మరో లక్షన్నర చేరుతుంది. ఆ వడ్డీకే నెలకు 12,500 రూపాయలు, అంటే మీ అబ్బాయి తొమ్మిది గంటల పని. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టండి, వడ్డీ సగానికన్నా తక్కువ పడుతుంది. ఆ అప్పును కూడా ఏడాదిలో అక్కడి సంపాదనతోనే తీరుస్తామనుకోకుండా, మీ జీతంలోంచి నెలకు ఎంత కట్టగలరో ముందే తేల్చుకోండి. అది తేలకపోతే ఈ ఏడాది ఆగి, ఇక్కడి హోటల్లో పని చేసి కొంత కూడబెట్టుకుని వెళ్లడమే మేలు.

గంటకు 16 డాలర్లన్న మాటను కూడా కాగితంపై చూడాలి. ఆరు నెలలు, అంతకు మించిన హోటల్ శిక్షణల్లో కనీసం మూడు విభాగాల్లో పని నేర్పాలన్న నిబంధన ఉంది కనుక, వంటగదిలో నాలుగు నెలలు, రెస్టారెంటులో నాలుగు నెలలు ఇలా మారుస్తారు. 2025 సెప్టెంబరు 30 నుంచి ఫ్లోరిడా కనీస వేతనం గంటకు 14 డాలర్లు, టిప్పులు వచ్చే పనికి మాత్రం యజమాని 10.98 ఇస్తే చాలు. వడ్డన విభాగానికి మారినప్పుడు ఆ 16 అలాగే ఉంటుందా, లేక తగ్గించి టిప్పులతో సరిపెట్టుకోమంటారా అన్నది తెలియాలి. వేతనం, విభాగాలు, పనివేళలు అన్నీ డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక పత్రంలో ఉంటాయి. హోటలు, స్పాన్సరు, మీ అబ్బాయి ముగ్గురూ దానిపై సంతకం చేస్తారు. ఏజెంటు మాట కాక ఆ పత్రమే మీకు ఆధారం.

తక్కువ పడితే మనవాళ్ల రెస్టారెంటులో సాయంత్రాలు నగదుకు పని చేసుకోవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు. స్పాన్సర్ అనుమతించిన చోట తప్ప మరెక్కడ పని చేసినా జె-1 నిబంధనలకు విరుద్ధం. శిక్షణ మధ్యలోనే ముగిసి తిరిగి రావలసి వస్తే అప్పు మొత్తం మీ మీద పడుతుంది. శిక్షణ పూర్తయ్యాక దేశంలో ఉండేందుకు ఇచ్చే 30 రోజుల్లో కూడా పని చేయకూడదు. ఊళ్లు చూడాలనుకుంటే ఆ ఖర్చును ముందే దాచుకోవాలి.

ఆరోగ్య బీమా జె-1కు తప్పనిసరి, ఒక్కో అనారోగ్యానికి కనీసం లక్ష డాలర్ల రక్షణ ఉండాలి. అయినా ప్రతిసారీ మొదటి 500 డాలర్ల వరకు మీ జేబులోంచే పెట్టుకోవలసి రావచ్చు. పళ్లకు, కళ్లజోళ్లకు ఆ పాలసీల్లో సాధారణంగా డబ్బు రాదు. పుచ్చిన పన్ను ఉంటే ఇక్కడే చూపించి, జోడు రెండోది కూడా చేయించి పంపండి. పన్ను రిటర్నుల సంగతి: శిక్షణ రెండు క్యాలెండర్ సంవత్సరాల్లో పడితే రెండుసార్లు 1040-ఎన్‌ఆర్ ఫారం వేయాలి. భారత్–అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద మన విద్యార్థులకు, వృత్తి శిక్షణలో ఉన్నవారికి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత మొత్తం) అడిగే వీలుంది. అది వర్తిస్తే కోసిన పన్నులో కొంత తిరిగి వస్తుంది, కానీ ఆ డబ్బును నేను పై లెక్కలో ఎక్కడా చేర్చలేదు, మీరూ చేర్చవద్దు.

డీఎస్-7002 ప్రతి, వసతి ఒప్పందం, బీమా పత్రం మూడూ చేతికి వచ్చి, వాటిలోని అంకెలతో ఈ లెక్కను మళ్లీ వేసుకున్నాకే ఏజెన్సీకి మిగతా రుసుము కట్టండి, ప్రామిసరీ నోటు రాయండి.