ఆ సెన్సర్ తీయించకండి, బాగు చేయించండి

ప్రశ్న: మా అమ్మాయి మా కొత్తింటికి మూడు బర్నర్ల హాబ్ పెట్టించింది. వెలిగించాక నాబ్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. నెల రోజులుగా పెద్ద బర్నర్ మాత్రం ఎంతసేపు పట్టుకున్నా చెయ్యి తీయగానే ఆరిపోతోంది. బ్యాటరీ మార్చినా లాభం లేదు. మెకానిక్ వచ్చి, "సెన్సర్ పోయింది, తీసేసి డైరెక్ట్ చేసేస్తాను" అన్నాడు. మా అత్తగారు కూడా "మా రోజుల్లో ఈ సెన్సర్లు ఎక్కడున్నాయి, తీయించెయ్" అంటున్నారు. తీయించమంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. బాగయ్యేదాకా ఆ బర్నర్ జోలికి వెళ్లకండి, మిగతా రెండింటి మీద వంట కానివ్వండి. ఎందుకో చెబుతాను.

బర్నర్ పక్కన చూస్తే రెండు పుల్లలు కనిపిస్తాయి. తెల్లటి పింగాణీ తొడుగు ఉన్నది నిప్పురవ్వ వేసేది. బ్యాటరీ దానికే. రెండోది సన్నటి లోహపు పుల్ల, దాని కొస మంటకి తగులుతూ ఉంటుంది. అదే థర్మోకపుల్, మీ మెకానిక్ సెన్సర్ అన్నది దాన్నే. దానికి బ్యాటరీతో పని లేదు, ఇంట్లో కరెంటుతోనూ పని లేదు. తనకి కావలసిన కరెంటు మంట వేడి నుంచి తనే పుట్టించుకుంటుంది. రెండు వేర్వేరు లోహాలను కలిపి, ఆ కలిసిన చోట వేడి చేస్తే ఇలా జరుగుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త ఈ పని చేస్తుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. ఆయన చేతిలో దిక్సూచి ముల్లుని కదిలించిన ఆ శక్తే మీ వంటింట్లో గ్యాస్ దారిని తెరిచి పట్టుకుంటోంది.

అది ఎంత చిన్న శక్తో చూడండి. బాగా కాలిన పుల్ల నుంచి వచ్చేది 20 నుంచి 30 మిల్లీవోల్టులు. టీవీ రిమోట్‌లో వేసే ఒక్క బ్యాటరీలో యాభయ్యో వంతుకి మించదు. ఆ కాస్తా నాబ్ వెనకున్న చిన్న అయస్కాంతానికి వెళుతుంది. గ్యాస్ దారికి అడ్డంగా ఒక బిళ్ల, దాన్ని ఎప్పుడూ మూసే వైపే నెట్టే స్ప్రింగూ ఉంటాయి. దూరంగా ఉన్న బిళ్లని లాక్కునే బలం ఆ అయస్కాంతానికి లేదు. తెచ్చి ఆనించి ఇస్తే మాత్రం వదలకుండా పట్టుకుంటుంది. నాబ్ నొక్కినప్పుడు మీరు చేసే పని అదే. పుల్ల వేడెక్కేదాకా బిళ్లని మీ చెయ్యి ఆపుతుంది, ఆ తర్వాత అయస్కాంతం ఆపుతుంది. పాలు పొంగి మంట ఆరిందనుకోండి. పుల్ల చల్లారి, కరెంటు పోయి, బిళ్ల మూసుకుంటుంది. మామూలుగా నిమిషం లోపే జరిగిపోతుంది. వంటిల్లు నిశ్శబ్దంగా ఉంటే ఆ 'టక్' వినిపిస్తుంది కూడా.

వైరు తెగినా, పుల్ల కాలిపోయినా, నట్టు వదులైనా గ్యాస్ ఆగిపోవడమే జరుగుతుంది. మీ పెద్ద బర్నర్ నెల రోజులుగా చేస్తున్నది అదే. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ అది మిమ్మల్ని కాపాడే వైపే చెడిపోయింది.

అత్తగారితో ఒక మాట చెప్పండి. ఆవిడ రోజుల్లో పాలు పెడితే పొయ్యి ముందు నుంచి కదిలేవారు కాదు. ఇప్పుడు మనం ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్లిపోతున్నాం. మనవలు వచ్చి నాబ్ తిప్పి వదిలేసినా, మంట లేదు కాబట్టి ఈ ఏర్పాటు గ్యాస్‌ని వదలదు. వంట గ్యాస్ గాలి కంటే బరువు. గట్టు మీంచి దిగి నేల మీద పరుచుకుంటుంది, గాలిలో రెండు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది.

'డైరెక్ట్' అనే మాట వింటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పని నేర్చుకున్న కొత్తలో, రాజమండ్రి దగ్గర ఒక బేకరీలో ఓవెన్ బర్నర్ ఇలాగే నిలబడలేదు. డిసెంబరు ఆఖరి వారం, న్యూ ఇయర్ కేకుల ఆర్డర్లు. పుల్ల రావడానికి రెండు రోజులు పడుతుందంటే యజమాని చేతులు పట్టుకుని బతిమాలాడు. నేను డైరెక్ట్ చేసేశాను. పండగయ్యాక వచ్చి సరిచేస్తానని చెప్పి, వెళ్లలేదు. సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున లోపలి బర్నర్ ఆరిపోయింది, ఎవరూ చూడలేదు. పనివాడు తలుపు తీసి అగ్గిపుల్ల గీశాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఆసుపత్రిలో కట్లతో ఉన్న ఆ చేతులు చూశాక మళ్లీ ఎవరు ఎంత బతిమాలినా ఆ పని చేయలేదు.

ఇక మీ హాబ్ సంగతి. నూటికి నూరుసార్లని చెప్పను గానీ, ఎక్కువసార్లు ఇది పొంగిన పాలో, పప్పో కట్టిన పెచ్చు. హాబ్ పూర్తిగా చల్లారాక, రెగ్యులేటర్ కట్టేసి, ఆ లోహపు పుల్ల కొసని పాత టూత్‌బ్రష్‌తో తోమండి. పోకపోతే సన్నటి ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దండి. గట్టిగా పీచుతో తోమినప్పుడు పుల్ల పక్కకి వంగి మంటకి దూరమవుతుంది, అదీ చూడండి. బర్నర్ మూత సరిగ్గా కూర్చోకపోతే కూడా మంట పుల్లని తాకదు. ఇవన్నీ మీరు చేసుకోగలిగినవే.

అప్పటికీ నిలబడకపోతే కంపెనీ సర్వీస్ మనిషిని పిలవండి. హాబ్ కింద పుల్ల వైరు వాల్వ్‌కి కలిసే చోట వదులైందేమో చూసి, తర్వాత మీటర్‌తో మిల్లీవోల్టులు కొలవమనండి. తక్కువగా ఉంటే పుల్ల మార్చాలి, కొన్ని వందల రూపాయలతో పోతుంది. సరిగ్గానే ఉంటే తప్పు అయస్కాంతంలో ఉంది. కొలవకుండానే "సెన్సర్ పోయింది" అన్నవాళ్లని నమ్మకండి.

ఇంకొకటి. రబ్బరు పైపు లీకైతే ఈ పుల్లకి తెలియదు. రాత్రి రెగ్యులేటర్ కట్టడం మానకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులేవీ ముట్టుకోకుండా, రెగ్యులేటర్ కట్టి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అమెరికాలో డాలస్ దగ్గర మా అబ్బాయి అద్దె ఇంట్లో ఉన్నాం. గరాజ్‌లో వేడినీళ్ల ట్యాంక్ కింద చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. నిన్న ఆరిపోయింది. పిల్లలు ఆఫీసులో ఉంటారు. నేను వెలిగించవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: ఆ చిన్న మంటని పైలట్ అంటారు. నీళ్లు చల్లబడినప్పుడు పెద్ద బర్నర్‌ని అంటించేది అదే, దాని పక్కనా థర్మోకపుల్ ఉంటుంది. పైలట్ ఆరితే అది మొత్తం గ్యాస్‌ని ఆపేస్తుంది. అందువల్ల టెన్షన్ పడకండి, నీళ్లు చల్లగా రావడం తప్ప ప్రమాదం లేదు. అయితే గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం ఏదీ ముట్టుకోకుండా ఇంట్లోంచి బయటికి వెళ్లి, అక్కడి నుంచే గ్యాస్ కంపెనీకి గానీ 911కి గానీ ఫోన్ చేయండి.

వాసన లేకపోతే ట్యాంక్ మీద అతికించిన సూచనలు చదవండి. చాలావాటిలో నాబ్‌ని 'ఆఫ్'కి తిప్పి కనీసం 5 నిమిషాలు ఆగమని ఉంటుంది. ఆ 5 నిమిషాలూ తగ్గించకండి, నేల దగ్గర కూడా వాసన చూడండి. తర్వాత 'పైలట్'కి తిప్పి, నొక్కి పట్టి, వెలిగించే మీట నొక్కాలి. మంట కనిపించాక కూడా నిమిషం పాటు నాబ్ వదలకండి. వదిలినా పైలట్ నిలిస్తే 'ఆన్'కి తిప్పండి. రెండుసార్లు ప్రయత్నించినా నిలవకపోతే మళ్లీ 'ఆఫ్'లో పెట్టి, ఇంటి యజమానికి చెప్పమని సాయంత్రం అబ్బాయితో అనండి.