నల్ల తామర పురుగు, డీఎన్ఏ చెట్టు, మీ అమ్మాయి చదువు

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా, ఎరువులు పురుగుమందుల షాపు ఉంది. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఎంబీబీఎస్ వద్దంటోంది. డీఎన్ఏలు పోల్చి, ఏ జీవి దేనికి చుట్టమో చెట్టులా గీసే చదువు చదువుతానంటోంది. నాకైతే ఏమీ అర్థం కాలేదు. అది చదివితే ఉద్యోగం వస్తుందా? ఒక సంస్థ వాళ్లు ఆరు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌తో జన్యు డేటా చూసే పని) కోర్సు, 85 వేలు కడితే ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: నమస్తే అండీ. కట్టకండి. కారణాలు కింద రాస్తాను గానీ, ఈలోపు వాళ్లు "ఇంకా రెండే సీట్లున్నాయి సార్" అని ఫోన్ చేస్తే మీరు టెన్షన్ పడి పంపించేస్తారేమోనని ముందే చెప్తున్నాను.

ఇక అర్థం కాలేదన్న సంగతి. 2021 చివర్లో మీ షాపు ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. మిరప పూలల్లో నల్లగా, చూపు ఆనని పురుగులు, పూతంతా రాలిపోవడం, రైతులు ఉన్న మందులన్నీ కొట్టేసి మళ్లీ మీ కౌంటర్ దగ్గరికే వచ్చి "ఇంకేమన్నా ఉందా" అని నిలబడటం. మనకు తెలిసిన తామర పురుగు ఆకుల మీద ఉండి పై ముడత తెస్తుంది, ఇదేమో పువ్వులో దూరింది. పాత పురుగే దారి మార్చిందా, లేక ఇది వేరే జాతా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పనే మీ అమ్మాయి అడుగుతున్న చదువు. ఆ నల్ల పురుగు పేరు థ్రిప్స్ పార్విస్పైనస్, ఆగ్నేయాసియా పురుగు. మన మిరప మీద పడటానికి ఆరేళ్ల ముందే, 2015లోనే, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఇది మన దేశంలోకి వచ్చిందని, బొప్పాయి మీద దొరికిందని, రూపురేఖలతో పాటు డీఎన్ఏ కూడా పోల్చి చూపించి మరీ చెప్పారు. ఆ మాట మన పొలాల దాకా ఎప్పుడు చేరిందో మీకే బాగా తెలుసు.

పని ఎలా జరుగుతుందంటే, పరీక్షలో ఒకడి పేపరు చూసి ఇంకొకడు రాస్తే మేస్టారు ఎలా పట్టుకుంటారు? ఒప్పులు చూసి పట్టుకోలేరు, ఒప్పు ఎవరైనా రాస్తారు. ఇద్దరూ ఒకే చోట ఒకే పిచ్చి తప్పు రాశారనుకోండి, దొరికిపోయినట్టే. వేమన పద్యాల కోసం బ్రౌన్ దొర ఊరూరి రాతప్రతులు పోగుచేసి సరిచూపించాడని చదువుకున్నాం కదా, అలాంటి ప్రతుల్లో కూడా ఏ రాయసగాడి తప్పు ఎందులోకి దిగిందో చూస్తే ఏది దేనికి నకలో బయటపడుతుంది. డీఎన్ఏ కూడా తరం నుంచి తరానికి నకలవుతూ వచ్చే రాతే, ఏ, టి, జి, సి అని నాలుగే అక్షరాలు. నకలులో అప్పుడప్పుడు అక్షరం మారుతుంది, మారింది పిల్లలకు దిగుతుంది.

చిన్నది చేసి చూపిస్తాను. (అక్షరాలు నేను కల్పించినవి, అసలు పనిలో పురుగుల్లో ఎక్కువగా వాడే సీఓఐ అనే జన్యువు ముక్క దాదాపు 650 అక్షరాలుంటుంది.)

మీ తోటలో దొరికింది: ఏ టి జి సి సి ఏ టి టి జి ఏ
పురుగు క: ఏ టి జి సి టి ఏ టి టి జి ఏ
పురుగు ఖ: ఏ సి జి సి టి ఏ టి జి జి ఏ

లెక్కపెట్టండి. మీ పురుగుకీ క కీ మధ్య ఒక్క తేడా, ఐదో అక్షరం. మీ పురుగుకీ ఖ కీ మధ్య మూడు. కాబట్టి మీ పురుగు, క ఒక కొమ్మ మీదికి వస్తాయి, ఖ కాస్త కిందే విడిపోతుంది. ఇదే చెట్టు. ఇంత సులువైతే చదువెందుకు అంటారేమో. మీ పురుగు వరసలో మూడో అక్షరం జి ఒక్కటి ఎగిరిపోయిందనుకోండి. తర్వాతివన్నీ ఒక గడి ఇవతలికి జరుగుతాయి, పాత వరసతో అలాగే పోల్చితే తొమ్మిది గడుల్లో ఐదు తేడాలు కనపడతాయి. జరిగింది ఒక్క మార్పే. చొక్కాకి మొదటి గుండీ తప్పు కాజాలో పెట్టినట్టు. అందుకని ముందు వరసలన్నీ ఏ గడికి ఆ గడి సర్దాలి, దాన్నే అలైన్‌మెంట్ అంటారు. నాకు తెలిసి ఈ రంగంలో పిల్లలు వదిలేసి వెళ్లిపోయేది సరిగ్గా ఇక్కడే, రంగురంగుల చెట్టు బొమ్మ చూసి వస్తారు, రోజంతా అక్షరాలు సర్దడం చూసి పారిపోతారు.

రెండో చిక్కు లెక్కలది. పది జాతులుంటే వాటిని కలుపుతూ గీయగల వేర్లు లేని చెట్లు (అంటే ఎవరు ముందు పుట్టారో చెప్పకుండా, ఎవరికెవరు దగ్గరో మాత్రమే చూపేవి) 20,27,025. ఇరవై జాతులైతే 2 పక్కన ఇరవై సున్నాలు పెట్టినా చాలవు. ఏ కంప్యూటరూ అన్నీ గీసి చూడలేదు, అందుకే దగ్గరి దారులు కనిపెట్టారు. 1987లో సైతౌ, నెయి అనే ఇద్దరు నైబర్ జాయినింగ్ అనే పద్ధతి ఇచ్చారు, దగ్గరి వాటిని జతకలుపుకుంటూ పోవడం. అంతకుముందే ఫెల్సెన్‌స్టీన్ 1981లో ఏ చెట్టైతే ఈ అక్షరాలు ఇలా రావడానికి ఎక్కువ వీలుంటుందో లెక్కకట్టే దారి చూపించాడు, అది పూర్తిగా సంభావ్యత, అంటే ప్రాబబిలిటీ. గీసిన చెట్టును ఎంత నమ్మచ్చో చూసే బూట్‌స్ట్రాప్ కూడా ఆయనే తెచ్చాడు, 1985లో: ఉన్న గడుల్లోంచి చీట్లు తీసినట్టు తీసి వెయ్యిసార్లు మళ్లీ మళ్లీ చెట్టు గీయిస్తారు, ఆ కొమ్మ నూటికి ఎన్నిసార్లు వచ్చిందో అంకె పక్కన వేస్తారు. 98 ఉంటే ధైర్యంగా మాట్లాడచ్చు, 43 ఉంటే నోరు మూసుకోవాలి. మీ అమ్మాయి బైపీసీ కాబట్టి లెక్కలు పదో తరగతితో ఆగిపోయాయి. నా అసలు మాట ఇదే, ఆ 85 వేలల్లో పదో వంతు పెట్టి ఊళ్లో మంచి లెక్కల మేస్టారి దగ్గర ఇంటర్ ప్రాబబిలిటీ, లాగరిథమ్‌లు, మాత్రికలు చెప్పించండి. బయాలజీ ఆ పిల్లకు ఎలాగూ ఇష్టమే, అదెక్కడికీ పోదు. ఈ రంగంలో ఎక్కువగా వాడే మెగా అనే సాఫ్ట్‌వేర్ 1993లో మొదటిసారి తెచ్చిన ముగ్గురిలో సుధీర్ కుమార్ మనవాడే, బిట్స్ పిలానీలో ఇంజనీరింగ్, బయాలజీ రెండూ చదివాడు. రెండూ వచ్చినవాళ్లకే ఇక్కడ గిరాకీ.

ఆ కోర్సుల సంగతి ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, ఒకమ్మాయి అలాంటి చోటే లక్షకు దగ్గర కట్టి, సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఒక చెట్టు చూపించి, ఇందులో ఏ రెండు దగ్గరి చుట్టాలు అని అడిగాను. పక్కపక్కన రాసి ఉన్న రెండు పేర్లు చూపించింది. అది తప్పండీ. కొసల్లో పేర్లు పక్కపక్కన ఉండటం దేనికీ గుర్తు కాదు, కొమ్మను గాలికి తిప్పినట్టు తిప్పి అటువాళ్లను ఇటు రాసినా చెట్టు అదే. రెండు కొమ్మలు వెనక్కి వెళ్తే ఎక్కడ కలుస్తాయో, ఆ కణుపు ఎంత దగ్గరో అది చూడాలి. ఆరు నెలలు ఏ బటన్ నొక్కాలో నేర్పారు, ఇది మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల తప్పేం లేదు.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ఒట్టి చెట్లు గీయడానికే జీతమిచ్చే కొలువులు మన దేశంలో చాలా తక్కువ, ప్రొఫెసర్లు, పరిశోధన సంస్థల సైంటిస్టులు, అంతే. కానీ ఈ విద్య వేరే పనుల్లో కలిసి అమ్ముడుపోతుంది. కోవిడ్ వైరస్ రాత సుమారు 30 వేల అక్షరాలు, రోజూ వార్తల్లో విన్న వేరియంట్లన్నీ ఆ చెట్టు కొమ్మలే. 2020 డిసెంబరులో కేంద్రం ఇన్సాకాగ్ అని, ఆ వైరస్ రాతలు చదివే ల్యాబుల జట్టును పది ల్యాబులతో మొదలుపెడితే అందులో హైదరాబాద్‌వే రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. సీసీఎంబీకే అత్తాపూర్‌లో లాకోన్స్ అని ల్యాబు ఉంది, అడవి శాఖ వాళ్లు పట్టుకున్న మాంసం దుప్పిదో మేకదో అక్కడ డీఎన్ఏతో తేలుస్తారు, సైటోక్రోమ్ బి అనే జన్యువులో చిన్న ముక్కతో ఎన్నో జంతువుల్ని గుర్తుపట్టే పద్ధతి 2003లో ఆ శాస్త్రవేత్తలే ప్రచురించారు. విత్తన కంపెనీలు, మందుల కంపెనీలు, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ లాంటి పంటల పరిశోధన సంస్థలు జన్యు డేటా చూసేవాళ్లను తీసుకుంటాయి. అయితే బీఎస్సీతో ఇవేవీ రావు. కనీసం ఎమ్మెస్సీ, సొంతంగా నిలబడాలంటే పీహెచ్‌డీ, అంటే ఇంటర్ తర్వాత పదేళ్లు వేసుకోండి. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, హెచ్ఆర్ఏ వేరే, కాబట్టి చివరి ఐదేళ్లు మీ మీద భారం పడదు. కానీ వాళ్ల స్నేహితురాళ్లు పాతికేళ్లకే జీతాలు తెచ్చుకుంటుంటే ఈ అమ్మాయి ఇంకా చదువుతూనే ఉంటుంది, చుట్టాలు పెళ్లెప్పుడు అంటారు, అది మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి.

దారులు రెండే చెప్తాను. ఒకటి, ఐసర్‌లు, అంటే కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థలు. తిరుపతిలోనే ఉంది, 2015లో పెట్టారు, ఐదేళ్ల బీఎస్ ఎమ్మెస్. దానికి ఐఏటీ అనే పరీక్ష, 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకు తలా 15, అందులో లెక్కలవీ 15. బైపీసీ వాళ్లు రాయచ్చు, కానీ మళ్లీ ఆ లెక్కల మేస్టారే గుర్తొస్తాడు చూడండి. రెండు, అగ్రికల్చర్ బీఎస్సీ, ఈఏపీసెట్ ర్యాంకుతో. మీ ఇంటికి నాకు ఇదే ఎక్కువ నచ్చింది. తర్వాత కీటకశాస్త్రంలోనో తెగుళ్లలోనో మొక్కల బయోటెక్నాలజీలోనో పీజీ చేస్తే ఈ డీఎన్ఏ పనే చేయచ్చు, మధ్యలో మనసు మారితే వ్యవసాయ శాఖ కొలువులకు రాసుకోవచ్చు. పైగా పై ముడత, కింది ముడత, బొబ్బర తెగులు అనే మాటలు చిన్నప్పటి నుంచి కౌంటర్ దగ్గర విన్న పిల్ల, అది చాలామందికి ఉండదు. మామూలు బీఎస్సీలో చేరి తర్వాత గ్యాట్-బీ, ఐఐటీ జామ్ అనే పీజీ ప్రవేశ పరీక్షలు రాసే దారి కూడా ఉంది, ఈ రెండూ తప్పినప్పుడు చూద్దాం.

ఈలోపు ఒక పని చేయించండి, పైసా ఖర్చు లేదు. మెగా ఉచితం, మీ షాపు బిల్లింగ్ కంప్యూటర్ చాలు. అమెరికా వాళ్ల జెన్‌బ్యాంక్ అనే వెబ్‌సైట్‌లో థ్రిప్స్ పార్విస్పైనస్ సీఓఐ అని వెతికి ఎనిమిదో పదో వరసలు, మన పాత పై ముడత పురుగు సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్‌వి నాలుగు, థ్రిప్స్ పాల్మి అనే ఇంకో తామర పురుగువి నాలుగు దింపుకోమనండి. వేరు ఎక్కడ పెట్టాలో తెలియడానికి బయటివాడు ఒకడు కావాలి, పేనుబంకది ఒకటి తీసుకోమనండి. మొదటిరోజు దింపుకోవడం, రెండోరోజు అలైన్‌మెంట్, అందులో పొడుగు పొట్టి వరసల చివరలు కత్తిరించడం, మూడోరోజు నైబర్ జాయినింగ్, వెయ్యి బూట్‌స్ట్రాప్. రెండోరోజు సాయంత్రం విసుగొచ్చి ఆపేస్తే తిట్టకండి, 85 వేలు మిగిలాయనుకోండి. ఆపకుండా మూడోరోజు చెట్టు దాకా వస్తే, ఏ కొమ్మ మీద అంకె 70 కంటే తక్కువ వచ్చిందో, ఎందుకు వచ్చి ఉంటుందనుకుంటోందో నాలుగు లైన్లు రాసి ఆ ఫైలుతో పాటు నాకు పంపమనండి. ఐసరా, అగ్రికల్చరా అన్నది అది చూశాక మాట్లాడుకుందాం.