పురానాపూల్ మీద నీ వ్యాసం చదివాక

అమ్మాయికి,

ఆశీస్సులు. హైదరాబాద్‌లో మూసీ మీది పురానాపూల్ వంతెన గురించి నీ వ్యాసం అందింది. మొదటి పేజీ నిండా ప్రేమకథే: ఉప్పొంగిన మూసీలోకి గుర్రంతో దూకిన రాకుమారుడు, అవతలి ఒడ్డున భాగమతి, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి కట్టించిన వంతెన. బాగానే రాశావు. కానీ ఒక్కసారి వేళ్ల మీద లెక్కవెయ్యి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఆ వంతెన కట్టించింది 1578లో. కొడుకు మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అప్పటికి ఆ పిల్లవాడికి మీసం కూడా మొలిచి ఉండదు.

కథను తీసేయమనను. జనం అలా చెప్పుకుంటారని రాసి, పక్కనే ఈ లెక్క పెట్టు. గోల్కొండ కోట ఏటికి ఉత్తరాన ఉంది. దక్షిణాన చార్మినార్‌తో కొత్త నగరం వెలసింది 1591లో. అంటే ఆ వంతెన హైదరాబాద్‌కు పదమూడేళ్లు పెద్దదైన అక్క. ఈ సంగతి నీ చివరి పేరాలో ఎక్కడో దాక్కుని ఉంది. ముందుకు తీసుకురా.

పుట్టగానే దానికి ‘పురానా’, అంటే పాత, అని ఎవరూ పేరు పెట్టి ఉండరు కదా. 19వ శతాబ్దంలో చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్ దగ్గర వేరే వంతెనలు వచ్చాకే ఇది పాతదయింది. ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే దీన్ని పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనతో పోల్చాడని రాసి వదిలేశావు. ఆ పారిస్ వంతెనకు పునాదిరాయి పడిందీ 1578లోనే! దాని పేరుకు అర్థం ‘కొత్త వంతెన’. ఒకే ఈడువి, అక్కడ కొత్తది, ఇక్కడ పాతది. ఇంత చేతికి దొరికాక ‘చెక్కుచెదరని ఠీవి’ అన్న మాట ఎందుకు? కొట్టేయ్. వరద దెబ్బకు 1820లో మరమ్మతు చేశారు కూడా.

22 కమానులని రాశావు. నువ్వే లెక్కపెట్టావా? నేనొకసారి ఒడ్డుకు దిగి మొదలుపెట్టి, పద్నాలుగు దగ్గర మూసీ కంపు భరించలేక పైకొచ్చేశాను. పైన గోనెపట్టాలు పరుచుకుని కూరగాయలు అమ్ముతున్నారు. ఒక ముసలామె పిట్టగోడకు వీపు ఆనించి చిక్కుడుకాయలు ఏరుతూ, పుచ్చినవాటిని వెనక్కి చూడకుండానే ఏట్లోకి విసురుతోంది. నీ నాలుగు పేజీల్లో బతికున్న మనిషి ఒక్కరూ కనబడలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్లు. ముక్కుకు గుడ్డ కట్టుకో. మిగతా కమానులు లెక్కపెట్టి నాకు రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి