చెడ్డ వార్త మొదటి లైన్లో రాయి

అమ్మలూ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, నిన్ను టీమ్ లీడ్‌ని చేశారట. రోజూ జరిగే మీటింగులు తీసేసి ఇకమీదట పనంతా రాతలోనే నడిపిస్తానన్నావట. టీమ్ మూడు దేశాల్లో ఉందని, అందరినీ ఒకే గంటకు కూర్చోబెట్టాలంటే ఎవరో ఒకరి నిద్ర పాడుచేయాల్సిందేనని, అది నీకిష్టం లేదని కూడా చెప్పాడు. ఆ మాట విని చాలా గర్వపడ్డాను. కొత్తగా పెత్తనం చేతికొచ్చినవాళ్లు ముందు తమ సౌకర్యం చూసుకుంటారు, నువ్వు ఎదుటివాళ్ల నిద్ర గురించి ఆలోచించావు.

ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఏదైనా మింగేస్తుంటే గొంతులో తెలిసిపోతుంది, ఆపి అడుగుతాం. రాతలో ఆ అవకాశం లేదు. ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్నన్నాళ్లూ నేను లాగ్‌బుక్‌ను నమ్ముకునే పని చేశాను. రాత ఎంత మేలు చేస్తుందో, ఎక్కడ ముంచుతుందో రెండూ చూశాను. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని ఇంకో పనిలో పడిపోతావు, అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. పంపేముందు ఒకసారి పైకి చదువు. ఒక మెయిల్‌లో ఒకే విషయం పెట్టు. సబ్జెక్ట్ లైన్లో "అప్‌డేట్" అని వదిలేయకు, దాన్ని చూడగానే తనకు పని ఉందో లేదో మనిషికి తెలియాలి. పని చేయాల్సినవాళ్లు 'టు'లో ఉండాలి, ఊరికే తెలియాల్సినవాళ్లు సీసీలో ఉండాలి. తేదీ 03/04 అని రాస్తే ఒకరు మార్చి 4 అని, ఇంకొకరు ఏప్రిల్ 3 అని చదువుతారు, నెల పేరు రాయి. "రేపు సాయంత్రానికి" అని రాస్తే మూడు దేశాల్లో అది మూడు వేళలు. అంకె పక్కన కొలమానం తప్పకుండా ఉండాలి. నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక 1999లో అలాగే పోయింది, ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెల్ని ఇంకో బృందం న్యూటన్ల లెక్క అనుకుని వాడింది.

ఇవన్నీ నువ్వు ఎలాగూ చేస్తావు. నా భయం వేరే.

నువ్వు చెడ్డ వార్తను చివర్లో రాస్తావు అమ్మలూ. చిన్నప్పటి నుంచీ అంతే. హాస్టల్లో ఉన్నప్పుడు ఒకసారి నాకు పెద్ద మెయిల్ పంపావు, గుర్తుందా? కొత్త లెక్చరర్ బాగా చెబుతున్నారు, రూమ్మేట్‌తో గొడవ తీరిపోయింది, లైబ్రరీ రాత్రి పది దాకా తెరుస్తున్నారు, ఇలా పేరాలకు పేరాలు. చిట్టచివర, సంతకానికి ముందు, "కొంచెం జ్వరంగా ఉంటే ఆస్పత్రిలో చేర్చారు, కంగారు పడొద్దు" అని ఒక్క లైన్. నేను మొదటి రెండు పేరాలు చదివి, బాగానే ఉంది కదా, మిగతాది తీరిగ్గా చదువుదాం అని పక్కన పెట్టేశాను. నీకు డెంగీ అని మరునాడు మీ అమ్మ ఏడుస్తూ చెబితే తెలిసింది. ఆ రోజు నిన్నేమీ అనలేదు, అనే పరిస్థితీ కాదు. ఇవాళ అంటున్నాను. మమ్మల్ని బాధపెట్టకూడదనే అలా రాశావని నాకు తెలుసు. ఆ మంచితనమే నాకు భయం. ఇంట్లో అయితే ఎలాగో ఒకలా తెలిసింది, ఆఫీసులో తెలియకుండానే పోవచ్చు.

ఇంకో పాత సంగతి చెబుతాను, ఇది కాస్త పెద్దది, ఓపికగా చదువు. కొలంబియా వ్యోమనౌక ప్రమాదం నీకు తెలిసిందే. కల్పనా చావ్లా పోయిన రోజు, 2003 ఫిబ్రవరి 1. ఆమె కోసమే నేను తర్వాత వచ్చిన విచారణ బోర్డు నివేదిక తెప్పించుకుని చదివాను. ఏ యంత్రం విరిగిందో తెలుసుకుందామని మొదలుపెట్టాను. నన్ను పట్టి ఆపేసింది అందులో అచ్చువేసిన ఒక స్లయిడ్.

జనవరి 16న నౌక పైకి లేచింది. నిమిషంన్నర కూడా కాకముందే పెద్ద ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. మర్నాడు వీడియోలో అది చూశారు. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతోంది, లోపల ఏడుగురు ఉన్నారు. దెబ్బ ఎంత ఉంటుందో లెక్కగట్టమని ఇంజనీర్లకు పని అప్పజెప్పారు. వాళ్లు లెక్కలు కట్టి, స్లయిడ్లు తయారుచేసి పై అధికారుల ముందు పెట్టారు. అందులో ముఖ్యమైన స్లయిడ్ శీర్షిక చదివితే, పాత పరీక్షల ఫలితాలు చూస్తే మన అంచనా జాగ్రత్త వైపే ఉందన్నట్టు ధ్వనిస్తుంది. చదివేవాడి మనసు అక్కడే స్థిమితపడుతుంది. దాని కింద ఒకదాని లోపల ఒకటిగా, అక్షరాలు చిన్నవవుతూ పాయింట్లు. 'గణనీయం' అనే అర్థమిచ్చే మాటే ఐదుసార్లు ఉంది, ప్రాణాల మీదికి వస్తుందా రాదా అన్నది మాత్రం తేలదు. అన్నిటికంటే అడుగున, శీర్షిక కావాల్సిన సంగతి ఉంది. ఆ పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలది. నౌకకు తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. అంటే ఏ పరీక్షల్ని చూసి ధైర్యం తెచ్చుకున్నారో ఆ పరీక్షలకు ఈ దెబ్బతో పోలికే లేదు.

అమ్మలూ, ఆ స్లయిడ్‌లో అబద్ధం లేదు. దాచిందీ లేదు. తెలిసినదంతా రాశారు. దానిని చదివిన పెద్ద అధికారికి ఇది ప్రాణాపాయం సంగతి అని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదని బోర్డు కూడా రాసింది. ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. ఆ స్లయిడ్ ఒక్కటి సరిగ్గా ఉంటే ఏడుగురూ బతికేవాళ్లని నేను అనను, కారణాలు చాలా ఉన్నాయి, బోర్డు అవన్నీ రాసింది. కానీ చివరి లైన్ మొదటి లైన్ అయి ఉంటే ఆ గదిలో కూర్చున్నవాళ్లు కనీసం ఉలిక్కిపడేవాళ్లు. "మన దగ్గరున్న పరీక్షలు ఈ దెబ్బకు వర్తించవు, ముక్క 640 రెట్లు పెద్దది, రెక్క ఫొటోలు కావాలి" అని రాయడానికి రెండు లైన్లు చాలు.

అందుకని నువ్వు రాసేటప్పుడు ఒక పని చెయ్యి. ముందు నీకు అలవాటైనట్టే రాసుకో, ఎలా మొదలైంది, ఏం ప్రయత్నించాం, ఎవరు కష్టపడ్డారు, అన్నీ. రాశాక ఆఖరి పేరాలో ఏముందో చూడు. నీ విషయంలో అసలు సంగతి నూటికి నూరుపాళ్లు అక్కడే ఉంటుంది. దాన్ని కోసి తెచ్చి నెత్తిన పెట్టు. ఉదాహరణకు: "శుక్రవారం విడుదల చేయలేం. చెల్లింపుల భాగంలో లోపం ఉంది, కొందరి ఖాతాల్లోంచి డబ్బు రెండుసార్లు పోతోంది. సోమవారానికి వాయిదా వేయడానికి మీ ఒప్పుదల కావాలి, గురువారం మధ్యాహ్నంలోపు." ఇంత రాశాక కింద ఎంత కథైనా రాసుకో, చదివేవాళ్లు చదువుతారు. మెత్తగా చెప్పాలనిపిస్తే ఆ మెత్తదనం రెండో పేరాలో చూపించు. మొదటి లైన్లో చూపిస్తే విషయమే మెత్తబడిపోతుంది.

నేను కొత్తలో పనిచేసిన చోట మా పెద్దసారు నా రిపోర్టుల మీద ఏమీ దిద్దేవారు కాదు. అడుగున పెన్సిల్‌తో "అయితే నన్నేం చేయమంటావు?" అని రాసి వెనక్కి పంపేవారు. మొదట్లో ఉక్రోషం వచ్చేది, అంత వివరంగా రాశాను కదా అని. కొన్నాళ్లకు కాగితం ఇవ్వకముందే ఆ ప్రశ్న నేనే వేసుకోవడం అలవాటైంది. ఆయన ఇప్పుడు లేరు. నువ్వు నీ టీమ్‌లో పిల్లలకు ఎర్ర ఇంకుతో వాక్యాలన్నీ తిరగరాసి పంపకు, వాళ్లు రాయడమే మానేస్తారు. ఆయన అడిగినట్టు ఒక ప్రశ్న అడుగు చాలు.

రాయడం మానేయడం అంటే గుర్తొచ్చింది, ఇది ఇంకా ముఖ్యం. అదే కొలంబియా నివేదికలో ఒక మెయిల్ సంగతి కూడా ఉంది. రెక్క ఫొటోలు అడగకపోవడం తప్పు, బాధ్యత లేని పని అనేంతవరకూ వెళ్తుందని ఒక ఇంజనీరు మెయిల్ రాశాడు. ప్రింట్ తీసి పక్కనున్న సహోద్యోగికి చూపించాడు. పంపలేదు. పైవాళ్లను దాటి పోవడానికి మనసొప్పలేదు. అన్నీ రాతలోనే నడుస్తాయని చెప్పిన రోజు నుంచి నీ టీమ్‌లో కూడా ఇలాంటి పంపని మెయిళ్లు ఉంటాయి. అవి నీకు కనపడవు. అవి నీదాకా రావాలంటే మొట్టమొదట చెడ్డ వార్త పంపినవాళ్లకు నువ్వు ఏం జవాబిస్తావన్నదే లెక్క. "ముందే ఎందుకు చెప్పలేదు" అని మొదలుపెట్టావా, రెండోది రాదు. "చెప్పి మంచి పని చేశావు, ఇప్పుడు ఏం చేద్దాం" అని రాయి, అది కూడా అదే రోజు రాయి. నీకు లోపల మంటగా ఉన్నా సరే. మంటగా ఉన్నప్పుడు అసలు కీబోర్డు ముట్టుకోకు, ఫోన్ చేసి మాట్లాడు, మాట గాలికి పోతుంది. ఎవరినైనా మందలించాలన్నా అంతే, ఫోన్లో, ఒంటరిగా. మెచ్చుకునేది మాత్రం నలుగురూ చదివేలా రాయి.

ఇక పని చేతులు మారడం. నువ్వు పడుకునేటప్పుడు ఇంకో దేశంలో ఉన్నవాళ్లు అందుకుంటారు కాబట్టి మీది కూడా షిఫ్టు పనే. ఇందులో నాకు మొహమాటం లేదు, గట్టిగానే చెబుతాను. మా లాగ్‌బుక్‌లో ఒకసారి "పంపు శబ్దం చేస్తోంది, గమనించగలరు" అని ఒక షిఫ్టువాళ్లు రాశారు. తర్వాతి షిఫ్టువాళ్లు గమనించి, మళ్లీ అదే రాశారు. ఆ వాక్యం షిఫ్టు నుంచి షిఫ్టుకు నడుచుకుంటూ పోయింది, పంపు పట్టేసి ఆగిపోయేదాకా. ఎవరు గమనించాలి, ఎంతైతే ఆపేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏదీ అందులో లేదు. మాకు పోయింది ఒక పంపే.

1988 జులై 6 రాత్రి ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద జరిగిన ప్రమాదంలో 167 మంది పోయారు. పగటి షిఫ్టులో ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వ్‌ను మరమ్మతుకు తీశారు, పని ఆ పూటకు పూర్తికాలేదు. ఆ సంగతికి పర్మిట్ కాగితం ఉంది. రాత్రి షిఫ్టువాళ్ల చెవిన మాత్రం పడలేదు. రెండో పంపు ఆగిపోతే వాళ్లు ఈ పంపును ఆన్ చేశారు, గ్యాస్ లీకై పేలింది. కాగితం ఉండటం వేరు, అది అందాల్సిన మనిషికి అందడం వేరు. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ షిఫ్టు మారేటప్పుడు నేను ఎందుకంత చాదస్తంగా ఉండేవాణ్నో, రాత్రి భోజనానికి ఎందుకు ఆలస్యమయ్యేదో మీ పెద్దమ్మకు ఎన్నిసార్లు చెప్పానో.

కాబట్టి మీ హ్యాండోవర్ నోట్‌లో అయిపోయినవాటికంటే ముందు సగంలో ఆగినవి రాయించు. ఏది ముట్టుకోకూడదో, ఎందుకో, ఎవరు చెబితే ముట్టుకోవచ్చో ఉండాలి. అందుకున్నవాళ్లు ఒట్టి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకూడదు, తమకు అర్థమైంది తమ మాటల్లో ఒక లైన్ రాయాలి. మొదట విసుక్కుంటారు. రాయించు. నిజంగా ప్రమాదం ఉన్నదైతే రాసి వదిలేయకు, ఫోన్ చేసి నిద్ర లేపు. ఎవరి నిద్రా చెడకూడదన్న నీ నియమం ఆ ఒక్క చోట పక్కన పెట్టు.

ఇంత రాశాను కదా అని మీటింగులు మళ్లీ పెట్టేస్తావేమో, వద్దు. నీ ఆలోచన సరైనదే. రాసిపెట్టిన నిర్ణయం ఆరు నెలల తర్వాత చేరినవాళ్లకు కూడా ఉపయోగపడుతుంది, మాటల్లో పోయింది ఎవరికీ దొరకదు. గట్టిగా మాట్లాడేవాళ్లే గెలిచే మీటింగుల్లో నోరు విప్పని పిల్లలు రాతలో వెలిగిపోవడం నేను చూశాను. నువ్వూ అలాంటిదానివే. క్లాసులో చెయ్యెత్తమంటే తల దించుకునేదానివి, పరీక్ష కాగితం చూసి టీచర్లు నోరెళ్లబెట్టేవాళ్లు.

మొదటి నెలలో టీమ్‌కు నువ్వు రాసే నోట్లలో ఒకటి, కంపెనీ వివరాలు తీసేసి నాకు పంపు. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను. ఇంకొకటి, జ్వరమొచ్చినా తలనొప్పి వచ్చినా నాకు రాసే ఉత్తరంలో అదే మొదటి లైన్ కావాలి, క్షేమసమాచారాలు తర్వాత.

మీ పెద్దమ్మ నిన్ను అడిగానని రాయమంది.

పెదనాన్న