పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేస్తే గేమ్స్ ఆడొచ్చా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్నాయి. విండోస్ 11 ఎక్కడం లేదు. దాని బదులు లైనక్స్ మింట్ అనే ఓఎస్ వేసుకుంటే స్టీమ్ ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న గేమ్స్ పనిచేస్తాయా?

జవాబు: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే కావాలి. అంతమాత్రాన మీ ల్యాప్‌టాప్‌ని పక్కన పడేయకండి. ఇంకా చక్కగా పనికొచ్చే మెషీన్ అది.

గేమ్స్ మీ స్టీమ్ అకౌంట్‌లోనే ఉంటాయి కాబట్టి ఎక్కడికీ పోవు. విండోస్ కోసం చేసిన గేమ్స్‌ని లైనక్స్‌లో నడిపించడానికి స్టీమ్‌ని నడిపే వాల్వ్ సంస్థ 2018లో ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. విండోస్ గ్రాఫిక్స్ వ్యవస్థ డైరెక్ట్‌ఎక్స్ అడిగే పనిని అది లైనక్స్‌లోనూ నడిచే వల్కన్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థలోకి మార్చి చేయిస్తుంది. ఒక్కరే ఆడుకునే గేమ్స్ చాలావరకు దీంతో నడుస్తాయి. చిక్కంతా ఆన్‌లైన్ పోటీ గేమ్స్‌తోనే. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లైనక్స్‌లో ఆడలేం, వాటి యాంటీ చీట్ (ఆటలో మోసాల్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఒప్పుకోదు. మీరు రోజూ ఆడేది అలాంటిదైతే లైనక్స్ ఒక్కటే పెట్టుకోమని నేను చెప్పను. మిగతా గేమ్స్ సంగతి ప్రోటాన్‌డీబీ సైట్‌లో పేరు కొట్టి చూసుకోండి. ఆడినవాళ్లు ఏ సెట్టింగ్‌తో నడిచిందో కూడా రాస్తుంటారు.

డబ్బు పెట్టగలిగితే ముందు హార్డ్ డిస్క్ తీసి, అంతకంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ వేయించండి. ఏ ఓఎస్ వేసినా ఆ వయసు ల్యాప్‌టాప్‌ని ఈడ్చేది ఎక్కువగా హార్డ్ డిస్కే. ఇన్‌స్టాల్ చేసే ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ బటన్లు చూడండి. మూత మూసి తెరిచాక మళ్లీ లేస్తోందో లేదో కూడా చూడండి. చాలామంది మరిచిపోయేది అదే. పెన్‌డ్రైవ్ నుంచి కాస్త నెమ్మదిగా నడుస్తుంది, కంగారుపడొద్దు.

ప్రశ్న: విండోస్, ఉబుంటు (లైనక్స్‌లో ఇంకో రకం) రెండూ వేసుకున్నా. డీ డ్రైవ్‌లోని గేమ్స్ ఉబుంటులో కనిపిస్తున్నాయి గానీ ఏదీ సేవ్ కావడం లేదు. ఎందుకు?

జవాబు: విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వల్ల అయ్యుంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. డ్రైవ్ ఇంకా వాడకంలో ఉందని గుర్తించిన లైనక్స్, డేటా పాడవకుండా చదవడానికి మాత్రమే తెరుస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ సెట్టింగ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఈలోపు అవసరమైతే విండోస్ నుంచి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి ఉబుంటులోకి రండి. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగానే ఆగుతుంది.

రాయడం కుదిరినా ఒకే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) డ్రైవ్‌ని రెండు వైపుల నుంచీ గేమ్స్‌కి వాడొద్దు. ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక ఫోల్డర్ తయారుచేస్తుంది. అందులో కోలన్ గుర్తు ఉన్న పేర్లు ఉంటాయి, అవి విండోస్‌కి చెల్లవు. లైనక్స్ గేమ్స్‌కి డిస్క్‌లో విడిగా ఒక ఈఎక్స్‌టీ4 (లైనక్స్ వాడే ఫార్మాట్) పార్టిషన్ ఇవ్వండి.

ప్రశ్న: గేమ్ మొదట్లో బాగానే ఉండి, కాసేపటికి ఆగి ఆగి నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డు పోయినట్టేనా?

జవాబు: ముందు వేడి చూడండి. వేడి హద్దు దాటితే ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. గాలి బయటికి పోయే చోట దుమ్ము అట్టకట్టి ఉంటుంది. ఎయిర్ బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోండి. దుమ్ము తీసినా తగ్గకపోతే థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి చేరవేసేందుకు దానిపై పూసేది) మార్పించండి.