బేస్‌బాల్ బ్యాటర్ మంచివాడో కాదో ఏ అంకె చెబుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు క్రికెట్ చూస్తూ పెరిగారు, ఇప్పుడు అమెరికాలో మనవడి పక్కన కూర్చొని బేస్‌బాల్ చూస్తున్నారు. 2023 సీజన్‌లో 0.354 సగటు సాధించిన లూయిస్ అరాయెజ్‌నూ, 0.197తో ముగించిన కైల్ ష్వార్బర్‌నూ మీ మనవడు ఒకే గాటన కట్టేశాడు. అది మీకు మింగుడుపడలేదు.

మనవడి మాట చాలావరకు నిజమేనండి. ఆ ఏడాది అరాయెజ్ మెరుగైన బ్యాటరే, కానీ సగటుల్లో కనిపించేంత తేడా వాళ్లిద్దరి ఆటలో లేదు. నేను కాలిఫోర్నియాలో చాలా ఏళ్లుగా ఈ ఆట చూస్తున్నాను. మా అబ్బాయి ఆడిన పిల్లల లీగులో స్కోరు పుస్తకం రాసే బాధ్యత కూడా నాదే. ఆ పుస్తకం చేతిలో ఉంటే ఏ అంకె ఎక్కడి నుంచి పుడుతుందో బాగా తెలుస్తుంది.

ముందు సగటు సంగతి. మన క్రికెట్‌లో సగటు అంటే చేసిన పరుగులను అవుటైన సార్లతో భాగించడం. ఇక్కడి బ్యాటింగ్ సగటులో పరుగుల ప్రసక్తే లేదు. కొట్టిన హిట్లను (ఫీల్డర్ తప్పు లేకుండా, బంతిని కొట్టి క్షేమంగా బేస్‌కు చేరితే హిట్) 'ఎట్ బ్యాట్' అనే లెక్కతో, అంటే కొన్ని సందర్భాలు తీసేసి బ్యాటింగ్‌కు వచ్చిన సార్లతో భాగిస్తారు. ఒక్క బేస్ చేరే సింగిల్ అయినా, నాలుగు బేస్‌లూ చుట్టి పరుగు తెచ్చే హోమ్ రన్ అయినా ఒక్క హిట్టే. బంతి విసిరే పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు వెళతాడు కదా, ఆ 'వాక్' పైనా లెక్కకు రాదు, కిందా రాదు. అసలు జరగనట్టే.

ఎందుకిలా అంటే, ఈ లెక్కల పద్ధతులకు 19వ శతాబ్దంలో రూపమిచ్చిన వాళ్లలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లాండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వచ్చి, పత్రికలకు క్రికెట్ వార్తలు రాసిన మనిషి. వాక్ అంటే పిచ్చర్ చేసిన తప్పు, అందులో బ్యాటర్ గొప్పేముంది అన్నది ఆ కాలపు ఆలోచన. 1887లో ఒక్క ఏడాది మాత్రం వాక్‌ను కూడా హిట్‌గా లెక్కించారు. సగటులు ఆకాశానికి ఎగిరాయి. టిప్ ఓనీల్ అనే ఆటగాడికి 0.492 వచ్చింది. వాక్‌లు తీసేసి చూస్తే అది 0.435. మరుసటి ఏడాదే ఆ నియమాన్ని ఎత్తేశారు. దాంతో వంద సంవత్సరాలు వాక్‌కు విలువ లేకుండా పోయింది. నా దృష్టిలో ఆట లెక్కల చరిత్రలో ఇంత ఖరీదైన నిర్ణయం ఇంకొకటి లేదు.

ఎందుకు ఖరీదైనదో చెబుతాను. టీ20లో జట్టుకు రెండు వనరులుంటాయి: 120 బంతులు, పది వికెట్లు. బేస్‌బాల్‌లో ఓవర్ల పరిమితి లేదు. ఉన్నదల్లా 27 అవుట్లు, ఇన్నింగ్స్‌కు మూడు చొప్పున తొమ్మిది ఇన్నింగ్స్‌లు. మూడో అవుట్ పడేదాకా పరుగులు ఎన్నైనా రావచ్చు. కాబట్టి ప్రతి బ్యాటర్ మొదటి పని అవుట్ కాకుండా ఉండటం. ఎలా బతికాడన్నది తర్వాతి మాట. ప్రధాన లీగుల్లో ఒక ఇన్నింగ్స్ మొదలయ్యేటప్పుడు ఆ ఇన్నింగ్స్‌లో సగటున సుమారు అర పరుగు వస్తుందని ఆశించవచ్చు. మొదటి బ్యాటర్ వాక్ తీసుకుంటే ఆ అంచనా 0.9కి దగ్గరగా పెరుగుతుంది. అవుటైతే పావు పరుగు దగ్గరకు పడిపోతుంది. ఈ రెండింటి మధ్య తేడా అర పరుగు కంటే ఎక్కువ. ఆ తేడా తెచ్చిన బ్యాటర్‌కు సగటు ఇచ్చే మార్కులు సున్నా.

అందుకే నేను మొదట చూసేది ఆన్ బేస్ శాతం. హిట్లు, వాక్‌లు, బంతి ఒంటికి తగిలి బేస్‌కు వెళ్లిన సార్లు కలిపి, బ్యాటింగ్‌కు వచ్చిన సార్లతో భాగించడమే (సహచరుణ్ణి ముందు బేస్‌కు పంపడానికి తాను అవుటయ్యే త్యాగ బంట్ లాంటి కొన్నిటిని మినహాయిస్తారు). ఈ మధ్య సీజన్లలో లీగు సగటు 0.310 నుంచి 0.320 వరకు ఉంటోంది. ష్వార్బర్ 2023లో 0.343 సాధించాడు, 126 వాక్‌ల పుణ్యాన. అంటే 0.197 కొట్టినవాడు లీగులో సగటు ఆటగాడి కంటే తక్కువ సార్లే అవుటయ్యాడు! అరాయెజ్‌ది 0.393.

రెండోది స్లగ్గింగ్ శాతం. సింగిల్‌కు ఒకటి, డబుల్‌కు రెండు, ట్రిపుల్‌కు మూడు, హోమ్ రన్‌కు నాలుగు వేసి, ఎట్ బ్యాట్‌లతో భాగిస్తారు. క్రికెట్ భాషలో చెప్పుకోవాలంటే ఆన్ బేస్ శాతం వికెట్ కాపాడుకోవడం, స్లగ్గింగ్ శాతం స్ట్రైక్ రేట్. 47 హోమ్ రన్లు కొట్టిన ష్వార్బర్‌కు ఇందులో 0.474, పది కొట్టిన అరాయెజ్‌కు 0.469. రెండు శాతాలూ కలిపితే వచ్చేదే మీకు టీవీ మీద కనిపించే ఓపీఎస్. అరాయెజ్‌కు 0.861, ష్వార్బర్‌కు 0.817.

వేర్వేరు హారాలున్న రెండు భిన్నాలను అలా ఊరికే కలపడం ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోని పని. అయినా జట్టు చేసే పరుగులతో పోల్చి చూస్తే ఓపీఎస్ ఆశ్చర్యపరిచేంత బాగా సరిపోతుంది. దానిలో లోపాలు రెండు. ఆన్ బేస్ శాతానికి స్లగ్గింగ్ కంటే సుమారు 1.8 రెట్లు ఎక్కువ బరువు ఉండాలి, ఓపీఎస్ రెండింటినీ సమానం చేస్తుంది. హోమ్ రన్‌కు సింగిల్ కంటే నాలుగు రెట్ల విలువ ఇస్తుంది, పరుగుల లెక్కలో అది రెండుంపావు రెట్లకు మించదు. ఈ రెండూ సరిచేసిన కొలత డబ్ల్యూఓబీఏ. టామ్ టాంగో, ఆయన సహచరులు ప్రచారంలోకి తెచ్చారు. వాక్‌కు దాదాపు 0.7, సింగిల్‌కు 0.9, హోమ్ రన్‌కు 2 చొప్పున బరువులు వేస్తుంది. మీరు ఇంట్లో కూర్చొని చూడటానికి ఓపీఎస్ చాలు.

సగటు ఎంతగా దారి తప్పించగలదో తెలియాలంటే 2004 చూడండి. సియాటిల్‌కు ఆడిన ఇచిరో సుజుకి 262 హిట్లు కొట్టి, 1920 నాటి జార్జ్ సిస్లర్ రికార్డును (257) దాటాడు. సగటు 0.372. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో బారీ బాండ్స్ సగటు 0.362. సగటు ప్రకారం ఇచిరో పైన. ఓపీఎస్ చూస్తే ఇచిరోది 0.869, బాండ్స్‌ది 1.422. బాండ్స్‌కు ఆ సీజన్‌లో 232 వాక్‌లు వచ్చాయి, వాటిలో 120 వాక్‌లు, అతనికి బంతి వేయడమే ఇష్టంలేక పిచ్చర్లు కావాలని ఇచ్చినవి. ఆన్ బేస్ శాతం 0.609. బాండ్స్ మీద నిషేధిత ఉత్ప్రేరకాల ఆరోపణల చర్చ వేరే ఉంది, దానికి ఏ అంకెలోనూ జవాబు దొరకదు. ఇచిరో ఆట చూడముచ్చటగా ఉంటుంది, నాకు చాలా ఇష్టం. ఇష్టం వేరు, పరుగులు వేరు.

ఆర్‌బీఐ, అంటే బ్యాటర్ కొట్టిన దెబ్బకు జట్టుకు వచ్చిన పరుగులు, గురించి ఎక్కువ రాయను. హోమ్ రన్ కొడితే తప్ప, ముందున్నవాళ్లు బేస్‌ల మీద ఉంటేనే అవి వస్తాయి. 1990లో శాన్‌డియాగోకు ఆడిన జో కార్టర్ 115 ఆర్‌బీఐలు సాధించాడు. సగటు 0.232, ఆన్ బేస్ శాతం 0.290. జట్టులో అతని చుట్టూ టోనీ గ్విన్, రాబెర్టో అలోమార్ లాంటి, తరచూ బేస్‌కు చేరేవాళ్లున్నారు.

ఇక మా పిల్లల లీగు. మా జట్టులో ఒక అబ్బాయి ఉండేవాడు. హిట్లు దాదాపు లేవు. కోచ్ అతన్ని బ్యాటింగ్ క్రమంలో చివర పెట్టేవాడు. పుస్తకంలో లెక్క కడితే ఆన్ బేస్ శాతంలో జట్టులో మొదటివాడు అతనే. కోచ్‌కు చూపిస్తే నవ్వి, "వాడు బ్యాట్ ఊపడమే లేదు కదా" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. ఆ వయసు పిచ్చర్లకు బంతిని స్ట్రైక్ జోన్‌లో (బ్యాటర్ కొట్టదగిన పరిధిలో) వేయడమే రాదు. కదలకుండా నిలబడితే వాక్ దానంతట అదే వస్తుంది. రెండేళ్లు గడిచి పిచ్చర్లకు గురి కుదిరాక ఆ అబ్బాయి వాక్‌లు కరిగిపోయాయి. ప్రధాన లీగుల్లో అలా కుదరదు. అక్కడ బ్యాటర్ ప్రమాదకరమైనవాడని తెలిస్తే పిచ్చర్ అంచుల్లో వేసి జారిపోతాడు. అందువల్ల ఒకే అంకెకు పిల్లల మైదానంలో ఒక అర్థం, పెద్ద మైదానంలో ఇంకో అర్థం.

ఆ పుస్తకం నేర్పిన ఇంకో సంగతి, హిట్టా, ఫీల్డర్ తప్పిదమా అన్నది స్కోరర్ అభిప్రాయం మీద ఆధారపడుతుంది. బంతి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) కాళ్ల మధ్య నుంచి పోయినా సరే, "అది హిట్టేనండీ" అంటూ బల్ల దగ్గరకు వచ్చే తండ్రులు ప్రతి ఆటలోనూ ఉంటారు. పైస్థాయిలోనూ ఆ నిర్ణయం ఒక మనిషిదే, వ్యవహారం ఇంకాస్త మర్యాదగా నడుస్తుంది, అంతే.

సీజన్ మొదట్లో, ఏప్రిల్ నెల అంకెలను చూసి మాత్రం ఎవరినీ కొట్టిపారేయకండి. నిజంగా 0.270 స్థాయి ఉన్న బ్యాటర్‌ను తీసుకుందాం. 500 ఎట్ బ్యాట్‌ల తర్వాత కూడా, కేవలం అదృష్టం వల్ల అతని సగటు 0.250కీ 0.290కీ మధ్య ఎక్కడైనా తేలవచ్చు. మూడింట ఒక వంతు సార్లు ఆ హద్దులు కూడా దాటుతుంది. వంద ఎట్ బ్యాట్‌లకైతే ఆ ఊగిసలాట 0.226 నుంచి 0.314 దాకా. స్ట్రైకవుట్ల (మూడు స్ట్రైక్‌లు పడి అవుటవడం) రేటు, వాక్‌ల రేటు అంతకంటే చాలా త్వరగా కుదురుకుంటాయి. కాబట్టి సీజన్ మొదట్లో అవే చూడటం మంచిది.

2015 నుంచి ముప్ఫై జట్ల మైదానాల్లోనూ స్టాట్‌కాస్ట్ వ్యవస్థ ఉంది. బ్యాట్‌కు తగిలి బంతి ఎంత వేగంతో, ఏ కోణంలో వెళ్లిందో కొలుస్తుంది. గంటకు 95 మైళ్లు, అంటే సుమారు 153 కిలోమీటర్లు దాటితే గట్టి దెబ్బ కింద లెక్క. గట్టిగా కొడుతూ కూడా సగటు పడిపోయినవాడి మీద నేను ఇంకొన్నాళ్లు నమ్మకం ఉంచుతాను.

మైదానం, కాలం కూడా చూసుకోవాలి. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంది, పలుచని గాలిలో బంతి దూరం పోతుంది. 1930లో బిల్ టెర్రీ 0.401 కొట్టాడు, అప్పుడు నేషనల్ లీగు మొత్తం సగటే 0.303. 1968లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ 0.301తోనే అమెరికన్ లీగు బ్యాటింగ్ కిరీటం గెలిచాడు, ఎందుకంటే ఆ ఏడాది పిచ్చర్లదే రాజ్యం. డబ్ల్యూఆర్‌సీ ప్లస్ అని టీవీలో వేసేది ఇవన్నీ సరిచేసిన అంకె. 100 అంటే లీగు సగటు, 125 అంటే పాతిక శాతం ఎక్కువ పరుగులు. ఆ ఒక్కటి కనిపిస్తే మిగతావి చూడకపోయినా నష్టం లేదు.

ఒక్క మినహాయింపు. ఈ కొలతలన్నీ బ్యాట్‌కే. 0.740 ఓపీఎస్ ఉన్న షార్ట్‌స్టాప్, అదే ఓపీఎస్ ఉన్న ఫస్ట్ బేస్‌మన్ జట్టుకు సమానం కారు. మొదటివాడి స్థానంలో ఆడగలిగేవాళ్లు దొరకడమే కష్టం, రెండోవాడి స్థానానికి బాగా కొట్టేవాళ్లు వరుసలో నిలబడి ఉంటారు. మీ మనవడితో ఈసారి వాదన వస్తే ష్వార్బర్ ఫీల్డింగ్ సంగతి అడిగి చూడండి.